బరంపురం నుంచి ఒక సవరణ

2022 డిసెంబర్‌లో అమెరికాలోని బఫలో నగరాన్ని కప్పేసిన మంచు తుఫాను గురించి మీ వ్యాసం చదివాను, బాగుంది. మంచు బాగా కురిస్తే బ్లిజార్డ్ అంటారన్నట్టు రాశారు, అక్కడే చిన్న సవరణ. మంచు ఎక్కువ కురిసినంత మాత్రాన బ్లిజార్డ్ అనరు. అమెరికా లెక్కన గంటకు కనీసం 56 కిలోమీటర్ల గాలి, 400 మీటర్ల అవతల ఏమీ కనబడకపోవడం, అదీ కనీసం 3 గంటలు ఉంటేనే ఆ పేరు. అసలు రాక్షసి గాలే. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను మా ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతుంటే తలుపుకి బియ్యం బస్తా అడ్డంపెట్టి కూర్చున్నవాళ్లం, గాలి సంగతి మాకు చెప్పాలా!

మా అమ్మాయి అప్పుడు బఫలోలోనే ఉంది. వీడియో కాల్‌లో వీధి తలుపు తీసి చూపించింది. ఎదురుగా ఛాతీ ఎత్తు మంచుగోడ, దాని మీద తలుపు హ్యాండిల్ అచ్చు! ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. గాలి కాస్త తెరిపిచ్చినప్పుడల్లా అల్లుడు కిటికీలోంచి దిగి హీటర్ పొగగొట్టం చుట్టూ మంచు తవ్వి వచ్చేవాడు. అది పూడుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే వస్తుంది, వాసన కూడా తెలియదు. మీ వ్యాసంలో ఈ ముక్క లేదు, చేర్చండి.

కరెంటు పోయిందా అని అడిగితే, "మాకు పోలేదమ్మా, రెండు వీధుల అవతల పోయింది" అంది. ఫైలిన్‌కి పోయిన మా కరెంటు ఎన్నాళ్లకొచ్చిందో మాత్రం అడక్కండి.