ఇందూరు ఖిల్లా జైలు మాది కూడా

మహారాష్ట్రలోని మా ధర్మాబాద్‌లో రైలెక్కితే బాసర, ఆ వెంటనే గోదావరి వంతెన, ఆపైన నిజామాబాద్. మా పెద్దవాళ్లకు అది ఇప్పటికీ ఇందూరే. పెళ్లి బట్టలకైనా, డాక్టరుకైనా మా ధర్మాబాద్ వాళ్లు అక్కడికే పోతారు. ఊళ్లో ఖిల్లా ఎక్కి రామాలయంలో దణ్ణం పెట్టుకుని దిగి వస్తారు. ఆ గుడి సమర్థ రామదాసు కట్టించిందని చెప్పుకుంటారు కాబట్టి మరాఠీవాళ్లకూ అది సొంత గుడే. అదే ఖిల్లాలో ఉన్న పాత జైలు వైపు మాత్రం ఎవరూ చూడరు.

1948లో నిజాం ప్రభుత్వం దాశరథి కృష్ణమాచార్యను, వట్టికోట ఆళ్వారుస్వామిని బంధించింది అక్కడే. పళ్లు తోముకోవడానికి ఇచ్చే బొగ్గుతో దాశరథి గోడల మీద పద్యాలు రాశాడు. సిబ్బంది చెరిపేసేవాళ్లు. ఆయన మళ్లీ రాసేవాడు. కాగితం, కలం అందకుండా చేసిన జైల్లో పళ్లపొడి కవిత్వమైంది. మరుసటి ఏడాది అచ్చయిన కవితా సంపుటి 'అగ్నిధార'ను ఆయన ఆ జైలు నేస్తం ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు.

నిజాం పాలన ముగిసిన గుర్తుగా ఏటా సెప్టెంబరు 17న మా బళ్లలో మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం జరుపుతారు. స్వామి రామానంద తీర్థ ఎవరో పిల్లలు గుక్క తిప్పుకోకుండా చెబుతారు, నాందేడ్ యూనివర్సిటీకి ఉన్నది ఆయన పేరే. దాశరథి పేరెత్తితే ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలూ బిక్కమొహం వేస్తారు. ఇద్దరూ కొట్లాడింది ఒకే నిజాంతో. 1956లో రాష్ట్రాల మధ్య గీత గీసినప్పుడు నాందేడ్ జిల్లాలోని ముధోల్ తాలూకాలో ఎక్కువ భాగం, బాసరతో సహా, అటు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. మేం ఇటు మిగిలాం. భూమితో పాటు చరిత్రనూ పంచేసుకున్నారు, నాకు మింగుడుపడనిది ఇదే.

ఖైదీలు సారంగపూర్ జైలుకు మారిపోయాక ఖిల్లా జైలుకు ఆలనాపాలనా తగ్గింది. వరంగల్‌లో 1886 నాటి సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం నేలమట్టం చేశారు. ఆసుపత్రి కావలసిందే, కాదనను. అయితే ఒక్క బ్యారక్ అయినా ఉంచి ఉండాల్సింది. ఇందూరులో గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి.

అప్పటి ఖైదీల రిజిస్టర్లు ఏ బీరువాలో ఉన్నా బయటికి తీయాలి. ఆ పేర్లన్నీ తెలుగు, మరాఠీ, ఉర్దూల్లో ఆ గోడ పక్కనే రాయించాలి. సెప్టెంబరు 17న జెండా వందనం కాగానే ధర్మాబాద్ బడిపిల్లలను రైలెక్కించి అక్కడికి తీసుకెళ్లాలి, బొగ్గుముక్క చేతికిచ్చి.