వేడి ఇడ్లీ కింద ఆ కవరేంటండీ?

శ్రీకాకుళం చుట్టుపక్కల తిరుగుతూ తిండినీ ఊళ్లనీ ఫొటోలు తీయడం నాకు ప్రాణం. కానీ ఈ మధ్య ఏ టిఫిన్ బండి దగ్గర ఆగినా ఒళ్లు మండిపోతోంది. స్టీలు ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, పొగలు కక్కే ఇడ్లీ దాని మీద పెడతారు. సాంబారు పోయగానే కవరు ముడుచుకుపోయి ఇడ్లీకి అతుక్కుంటుంది. ఆ ముక్క పిల్లల నోట్లోకి పోతే?

అడిగితే "ప్లేట్లు కడగడానికి నీళ్లెక్కడివి బాబూ" అంటారు. నీళ్ల ఇబ్బంది నిజమే, కాదనను. మరి అడ్డాకులకేమొచ్చింది? సీతంపేట ఏజెన్సీలో గిరిజనులు అడవంతా తిరిగి కోసుకొచ్చి, సన్నటి పుల్లలతో కుట్టే విస్తళ్లు. వేడన్నం పడగానే వాటి నుంచి వచ్చే వాసన మనవైపు పెళ్లి భోజనాలు తిన్నవాళ్లందరికీ తెలుసు.

ఆ కవర్లన్నీ ఎక్కడికి చేరుతున్నాయో చూడాలంటే కళింగపట్నం వెళ్లండి. వంశధార సముద్రంలో కలిసే చోటు, ఎంత అందమైన జాగా! కెమెరా ఎటు తిప్పినా కవర్లు, టీ కప్పులు, మందు సీసాలు. శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల దగ్గరా చిప్స్ ప్యాకెట్లే. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా కట్టలు కట్టలుగా దొరుకుతూనే ఉన్నాయి.

"ఎడిట్ చేసి తీసెయ్" అంటారు స్నేహితులు. ఎందుకు తీసెయ్యాలి? ఉన్నది ఉన్నట్టే పెడతాను. ఇంకో ఐదు రూపాయలు తీసుకోండి, ఇస్తాం. ఆకులో పెట్టండి.