హార్ట్స్ కొండల్లో మామయ్యగారి స్టాంపు డ్యూటీ

జర్మనీ వాళ్ళు కొండ ఎక్కామని నోటిమాటగా చెబితే ఒప్పుకోరు. రుజువు చూపించాలి. దేశం నడిమధ్యన, ఉత్తరాది మైదానం అయిపోయేచోట హార్ట్స్ అనే కొండల ప్రాంతం ఉంది. అక్కడి అడవి దారుల్లో, బండల పక్కన, పాడుబడ్డ కోటల దగ్గర మొత్తం 222 ఆకుపచ్చ పెట్టెలు బిగించి పెట్టారు. ఒక్కో పెట్టెలో ఒక్కో రబ్బరు స్టాంపు. మనం చిన్న పుస్తకం కొనుక్కుని, అక్కడిదాకా నడిచి వెళ్ళి, మన ముద్ర మనమే వేసుకోవాలి. 8 ముద్రలైతే కంచు బ్యాడ్జి, 16 అయితే వెండి, 24కి బంగారం. మొత్తం 222 పూర్తిచేసిన వాళ్ళని ఏకంగా నడక చక్రవర్తి అంటారు. ఈ హార్ట్సర్ వాండర్‌నాడెల్ పథకం 2006 నుంచీ నడుస్తోంది. మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళు కూడా ఒక్క ముద్ర కోసం వానలో కొండెక్కుతారు.

ఇలాంటి చోటికి మా మామయ్యగారిని తీసుకెళ్ళొచ్చా? ఆయన నరసరావుపేట మనిషి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రిజిస్ట్రారాఫీసులో స్టాంపులు వేశారు, వేలిముద్రలు తీయించారు. రిటైరయ్యాక ఆయనకు లోకంలో ఏ కాగితమూ సరిగ్గా కనబడలేదు. మాగ్డెబుర్గ్‌లో మా ఇంటికొచ్చిన కొత్తలో మ్యూజియానికి తీసుకెళితే కునికారు, చర్చికి తీసుకెళితే ఎప్పుడు వెళదామన్నారు. మా ఆయన ఆ ముద్రల పుస్తకం చేతికిచ్చాక మాత్రం కళ్ళజోడు తుడుచుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేసి, "ఇది పద్ధతిగల దేశంరా అబ్బాయ్" అన్నారు.

మొదట టాయ్‌ఫెల్స్‌మావర్‌కి వెళ్ళాం. దెయ్యం గోడ అన్నమాట. పొలాల మధ్యలోంచి ఇసుకరాతి బండలు వెన్నెముకలా పొడుచుకొచ్చి ఉంటాయి. తెగుతూ అతుకుతూ సుమారు 20 కిలోమీటర్లు సాగుతుంది. ఒకప్పుడు జనం రాళ్ళు కొట్టుకుపోతుంటే 1833లోనే అధికారులు వద్దని ఆపారట. దేవుడూ దెయ్యమూ భూమి పంచుకున్నప్పుడు, కోడి కూసేలోగా గోడ కట్టుకుంటే అటువైపుదంతా నీదే అని దెయ్యంతో ఒప్పందం అయిందని కథ. చివరి రాయి పెట్టేలోగా, సంతకు పోతున్న ఒకామె కాలు తట్టుకుని తూలింది. బుట్టలో కోడి బెదిరి కూసేసింది. తెల్లారిందనుకుని దెయ్యం కోపంతో గోడ పడగొట్టేసింది. మామయ్యగారు కథంతా శ్రద్ధగా విని, "నోటిమాట ఒప్పందం. దస్తావేజు రాసుకోలేదు, సాక్షి సంతకాల్లేవు. ఇంకేమవుతుంది?" అని దెయ్యం మీద జాలిపడ్డారు.

అక్కడి పెట్టెలో ప్యాడ్ ఎండిపోయింది. ఆయన నోటితో ఆవిరి ఊది, గట్టిగా నొక్కి, మళ్ళీ నొక్కి చూశారు. పుస్తకంలో ఒక మూల మాత్రం నీడలాగా పడింది. "ఈ ముద్ర ఏ కోర్టులోనూ చెల్లదు" అన్నారు. ఆయన కారులో సీటు బెల్టు పెట్టుకోవడానికే ఇంకో పావుగంట పట్టింది, అంత మనస్తాపం.

తర్వాత టాలె అనే ఊరు. బోడె నది లోయ మీద ఒక పక్క మంత్రగత్తెలు ఆడే మైదానం, ఎదురుగా రోస్‌ట్రాపె అనే కొండకొమ్ము. రాక్షసుడు బోడో తరుముతుంటే రాకుమారి బ్రున్‌హిల్డె గుర్రంతో ఈ లోయ దూకిందట, రాతిలో ఆ గిట్ట పడ్డ గుంట ఉంది. బోడో మాత్రం నదిలో పడి నల్ల కుక్కయిపోయాడు. అత్తయ్యగారికి ఇందులో వింతేమీ అనిపించలేదు. భీముడి పాదాలు, రాముడి బాణపు గుర్తులు చూడని కొండ మనకెక్కడుంది? ఆవిడ గుంటకేసి దణ్ణం పెట్టుకుని, "పాపం ఆ పిల్ల సుఖంగా ఉందిట కదా?" అని అడిగారు. మామయ్యగారు ఈలోగా గిట్ట కొలతలు తీసుకుంటున్నారు. ముద్ర స్పష్టంగా ఉందని ఆయన అభిప్రాయం.

ఇంటికొచ్చాక ఆయన ఒక్కరే స్టేషనరీ షాపుకెళ్ళి, సైగలతో బేరమాడి, ఒక పెద్ద స్టాంపు ప్యాడూ ఊదారంగు సిరాసీసా తెచ్చుకున్నారు. ఇక ఎండిన ప్యాడ్ల బెడద లేదు. అసలు కథ ఇక్కణ్ణుంచే.

ఏప్రిల్ 30న బ్రొకెన్ ఎక్కుదామన్నాడు మా ఆయన. హార్ట్స్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ అది, 1141 మీటర్లు. వెర్నిగెరోడె అనే ఊరి నుంచి పైదాకా మీటర్ గేజి మీద ఆవిరి రైలు వెళుతుంది. రైలు చూడగానే మామయ్యగారికి చిన్నప్పటి నరసరావుపేట మీటర్ గేజి గుర్తొచ్చి, లోపల కూర్చోమంటే వినకుండా పెట్టె చివర బయట నిలబడే చోటుకెళ్ళిపోయారు. పులిహోర డబ్బా, ప్యాడూ, సీసా ఉన్న సంచీ ఆయన భుజానే ఉంది. ఆ రోజు ప్రయాణికుల్లో సగం మంది మంత్రగత్తెలు. పొడుగుముక్కులు, చీపుళ్ళు, పచ్చరంగు ముఖాలు, నెత్తిన కొమ్ములు. వాల్‌పుర్గిస్ రాత్రి కదా. ఏటా ఈ రాత్రే మంత్రగత్తెలందరూ బ్రొకెన్ మీద దెయ్యంతో కలిసి గంతులేస్తారని పాత నమ్మకం. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ వేషాలు కట్టి పండగ చేసుకుంటాయి.

రైలు మలుపుల్లో ఊగింది. సంచీలో సీసా మూత ఊడింది. ఆయన ఆకలేసి చెయ్యి లోపల పెట్టారు. సరిగ్గా అప్పుడే ఇంజన్ వదిలిన బొగ్గునుసి కంట్లో పడింది. చెయ్యి బయటికి తీసి కన్ను నులుముకున్నారు. రెండో కంట్లోనూ పడింది. అదీ నులుముకున్నారు. చెమట పట్టిన నుదురు తుడుచుకున్నారు. బుగ్గలూ, మెడా ఎందుకు తుడుచుకున్నారో ఆయనకే తెలియాలి. పక్కన నిలబడ్డ మంత్రగత్తెలు బొటనవేలు ఎత్తి మెచ్చుకున్నారట. ఆయనా నవ్వి చెయ్యూపారట.

పైన స్టేషన్లో దిగాక ఆయన్ని చూసి అత్తయ్యగారు "అమ్మో!" అని నా వెనక దాక్కున్నారు. మంకీ క్యాప్ మధ్యలో ఊదారంగు ముఖం, అందులో తెల్లగా రెండు కళ్ళు. తడి టిష్యూలతో తుడిస్తే సిరా పోలేదు సరికదా, తుడవనిచోటికి కూడా పాకింది. పులిహోర కూడా ఊదాగానే ఉంది. బ్లాక్ రైస్‌తో చేశారేమోనని మా ఆయన రెండు ముద్దలు తిన్నాక తేల్చుకున్నాడు.

బ్రొకెన్ మీద ఏడాదిలో సుమారు 300 రోజులు పొగమంచు ఉంటుంది. మాది మిగతా రోజుల్లోకి రాలేదు. తూర్పు జర్మనీ ఉన్నప్పుడు, 1961 నుంచి ఈ శిఖరం సామాన్యులకి మూసేశారు. పైన సోవియట్ సైనికులూ, నిఘా వాళ్ళూ యాంటెన్నాలు పెట్టుకుని అవతలి జర్మనీ మాటలు వినేవారు. 1989 డిసెంబర్ 3న జనం గుంపుగా నడిచొచ్చి గేటు తెరిపించారు. ఇదంతా మా ఆయన చెయ్యి చాపి అటు, ఇటు అని చూపిస్తూ చెప్పాడు. ఆ చెయ్యే సరిగ్గా కనబడలేదు. "అన్నేళ్ళు గొడవపడి తెరిపించుకుంది దీన్నా?" అన్నారు అత్తయ్యగారు. ముద్ర మాత్రం దొరికింది. మామయ్యగారు నిండుగా సిరా అద్ది ముద్రవేసి, ఒక ఆరడుగులు వెనక్కి వేసి చూసుకుని, అలవాటు కొద్దీ పక్కన ఎడమ బొటనవేలు కూడా వేశారు.

కిందికి వస్తూ షీర్కె అనే ఊళ్ళో దిగాం. దారి పొడుగునా స్ప్రూస్ చెట్లు బూడిదరంగు మోళ్ళై నిలబడి ఉన్నాయి. 2018 కరువు తర్వాత బెరడు పురుగు పట్టి వేల చెట్లు చచ్చిపోయాయి. నేషనల్ పార్కు కాబట్టి చాలాచోట్ల వాటిని అలాగే వదిలేశారు, కింద కొత్త మొక్కలు వాటంతటవే లేస్తున్నాయి. "ఒక్కరూ కట్టెలు కొట్టుకుపోరేం?" అని అత్తయ్యగారు దారంతా బాధపడ్డారు. వంటచెరుకు వృథా అయితే ఆవిడ చూడలేరు.

ఊళ్ళో పండగ జోరుగా ఉంది. దెయ్యాలూ మంత్రగత్తెలూ డప్పులు కొట్టుకుంటూ తిరుగుతున్నారు. వాళ్ళ మధ్యలో మామయ్యగారు అందరికన్నా అసలైన దెయ్యంలా ఉన్నారు. ఎర్రకొమ్ముల పాప ఒకతె ఆయన దగ్గరికొచ్చి, ఊదా బొటనవేలు చూపించి, తన బుగ్గ తట్టుకుంది. ముద్ర కావాలట. ఆయన గంభీరంగా, "మైనరు కదా, తల్లిదండ్రుల అనుమతేదీ?" అని అడిగారు. మా ఆయన జర్మన్‌లో చెప్పాడు. తల్లి పగలబడి నవ్వుతూ తలూపింది. "గార్డియన్ సమ్మతి ఉంది. అయితే సరే" అని ఆయన వేలుకి సిరా అద్ది, గోటి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దొర్లించి, బుగ్గ మీద గీతలన్నీ కనబడేలా వేలిముద్ర వేశారు.

అంతే. వెనక ఇంకో పిల్లాడు. వాడి వెనక చీపురుకట్టతో వాళ్ళమ్మ. ఆవిడ వెనక, మీసాలకు రంగేసుకున్న ఒక పెద్ద దెయ్యం, తాగిన మత్తులో నుదురు చూపిస్తూ. మామయ్యగారు రాతిగట్టు మీద కూర్చుని ప్యాడ్ ఒళ్ళో పెట్టుకున్నారు. "తోసుకోవద్దు. ఒక్కొక్కరే రావాలి. చెయ్యి వదులుగా ఉంచు. ఊఁ, తర్వాత" అంటూ అచ్చ తెలుగులో క్యూ నడిపిస్తుంటే జర్మన్లు బుద్ధిగా నిలబడ్డారు. క్యూ అంటే వాళ్ళకి ఎలాగూ ప్రాణం. ఫోన్లు వీడియోలు తీస్తున్నాయి. అత్తయ్యగారికి టెన్షన్ పెరిగిపోయింది. "రేపు ఎక్కడైనా దొంగతనం జరిగిందంటే ఊరందరి మొహాల మీదా ఈయన వేలే దొరుకుతుంది. కాస్త చెప్పరా మీ నాన్నకి!" అని కొడుకుని గిల్లారు.

సిరా అయిపోయేదాకా ఆయన లేవలేదు. ఇంకా పదిమంది నిలబడి ఉండగా ప్యాడ్ మూత ఠప్పున మూసి, లేచి, పంచె దులుపుకున్నట్టు ప్యాంటు దులుపుకుని, "టైమైపోయింది, రేపు రండి" అన్నారు. ఆ ఒక్కమాట మా ఆయన అనువదించలేదు.

తరవాత కంచు బ్యాడ్జికి చాలినన్ని ముద్రలయ్యాక టూరిస్టు ఆఫీసుకి వెళ్ళాం. కౌంటర్లో ఉన్నావిడ ఊదా పేజీలు ఓపిగ్గా విడదీసి, 8 లెక్కపెట్టి, బ్రొకెన్ పేజీ దగ్గర ఆగి, ఇదేమిటన్నట్టు చూసింది. "ఎడమ బొటనవేలు" అన్నారు మామయ్యగారు, ఇందులో అడగడానికేముందన్నట్టు. ఆవిడ నవ్వి బ్యాడ్జి ఇచ్చింది, రసీదూ ఇచ్చింది. ఆయన రసీదు అటూ ఇటూ తిప్పి చూసి, "దీనిమీద ఆఫీసు ముద్రేదమ్మా?" అన్నారు. ఆవిడ సొరుగులోంచి స్టాంపు తీసి కొట్టింది. ముద్ర సగమే పడింది. మామయ్యగారు సంచీ జిప్పు మీద చెయ్యి వెయ్యబోతుండగా అత్తయ్యగారు ఆ సంచీ లాక్కుని, వెనక్కి చూడకుండా బస్టాపు వైపు నడిచారు.