150 రోజుల పంటను 120 రోజులకే కోస్తామా?

ఆ ఆదివారం ఉదయం హనుమకొండలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం బయట టీ తాగుతూ ఇద్దరు గొంతు పెంచి వాదించుకుంటున్నారు. ఒకాయన కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు, వయసులో ఉండగా హాకీ ఆడారు. రెండో వ్యక్తి పాతికేళ్ల యువకుడు. హాకీ ఇండియా లీగ్ మళ్లీ మొదలై హైదరాబాద్ తూఫాన్స్ జట్టు వచ్చినప్పటి నుంచి ఒక్క మ్యాచ్ వదలకుండా చూస్తున్నాడు. అంతకుముందు రోజు ఒక స్థానిక మ్యాచ్‌లో పందొమ్మిదేళ్ల ఫార్వర్డ్ ఒకడు గోలు ముందు మూడుసార్లు బంతి పోగొట్టాడు. వాదనంతా అతని గురించే.

“మూడేళ్లుగా ఇదే తప్పు కాకా, ఇంకొకరికి అవకాశం ఇవ్వాలి కదా” అన్నాడు యువకుడు. “మూడేళ్లుగా చూస్తున్నావు సరే, ఆ మూడేళ్లలో వాడికి ఎవరు ఏం నేర్పారో చూశావా బిడ్డా?” అన్నారు పెద్దాయన.

వాదన అక్కడితో తెగలేదు కానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నిదానంగా ఎదిగే ఆటగాడి విషయంలో ఎంతకాలం ఓపిక పట్టాలి అని అభిమానులందరం అడుగుతాం. ఆ కాలమంతా ఆ కుర్రాడు ఎక్కడ ఉంటాడు, ఏం తింటాడు, ఎవరితో ఆడతాడు అని అడిగేవాళ్లు చాలా తక్కువ. నా దృష్టిలో అసలు ప్రశ్న ఈ రెండోదే.

2021 ఆగస్టు 5న టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం కోసం జర్మనీతో ఆడిన మ్యాచ్‌ను తీసుకుందాం. గోల్‌కీపర్ శ్రీజేష్ చివరి క్షణాల్లో పెనాల్టీ కార్నర్‌ను ఆపడం అందరికీ గుర్తుంది. ఒక దశలో మనం 1-3తో వెనుకబడి, చివరికి 5-4తో గెలిచాం. ఆ అయిదు గోల్స్‌లో రెండు సిమ్రన్‌జీత్ సింగ్ కొట్టినవి. మొదట ప్రకటించిన 16 మంది జట్టులో అతను లేడు. రిజర్వు ఆటగాడిగా వెళ్లాడు. కొవిడ్ కారణంగా రిజర్వులను కూడా ఆడించుకోవచ్చని ఆ ఒలింపిక్స్‌కు నిబంధన మార్చడంతో అతనికి మైదానంలోకి దిగే వీలు చిక్కింది. 41 ఏళ్ల తర్వాత హాకీలో ఒలింపిక్ పతకం తెచ్చిన ఆ మ్యాచ్‌ను, పాత నిబంధనే ఉంటే, అతను బయట కూర్చుని చూడవలసి వచ్చేది. జట్టులో చోట్లు కాస్త పెరిగినందుకు దేశానికి దక్కిన ఫలితం అది.

ఈ సిమ్రన్‌జీత్ 2016లో లక్నోలో జూనియర్ ప్రపంచకప్ గెలిచిన జట్టు సభ్యుడు. ఫైనల్లో బెల్జియంను 2-1తో ఓడించిన ఆ జట్టు నుంచి ఏడుగురు టోక్యోలో పతకం అందుకున్నారు. కప్పు అందుకున్న కెప్టెన్ హర్జీత్ సింగ్ ఆ ఏడుగురిలో లేడు. లక్నోలో ఆ రాత్రి, అయిదేళ్ల తర్వాత ఒలింపిక్స్‌లో ఎవరు ఉంటారని అడిగి ఉంటే, చాలామంది మొదట చెప్పే పేరు కెప్టెన్‌దే అయి ఉండేది. ఇరవై ఏళ్లకు కనిపించే క్రమం ఇరవై అయిదేళ్లకు అలాగే ఉండదు. ఇది సెలక్టర్ల తెలివితక్కువతనం కాదు, శరీరమూ మనసూ ఎదిగే తీరే అంత.

అదే జట్టులోని హర్మన్‌ప్రీత్ సింగ్ సంగతి చూడండి. లక్నోకు కొన్ని నెలల ముందు, 20 ఏళ్ల వయసులో, రియో ఒలింపిక్స్‌కు వెళ్లి ఒక్క గోలు కూడా లేకుండా తిరిగొచ్చాడు. టోక్యోలో 6 గోల్స్ కొట్టాడు. పారిస్‌లో కెప్టెన్‌గా 10 కొట్టి మరో కాంస్యం తెచ్చాడు. డ్రాగ్ ఫ్లిక్‌లో, అంటే పెనాల్టీ కార్నర్‌లో బంతిని స్టిక్‌తో ఈడ్చి గోలులోకి విసిరే దెబ్బలో, అడుగు, నడుము, భుజం, మణికట్టు ఒకే క్షణంలో కుదరాలి. నడుము గట్టిపడని వయసులో ఆ దెబ్బను రోజూ వందలసార్లు కొట్టిస్తే గోల్స్ కంటే ముందు గాయం వస్తుంది. ఆ నైపుణ్యం ఆలస్యంగానే పండుతుంది. గోల్‌కీపర్ల దారి మరీ పొడవు. శ్రీజేష్ సీనియర్ జట్టులోకి 2006లోనే వచ్చినా ఏళ్ల తరబడి లోపలికీ బయటికీ తిరిగాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆడిన మ్యాచ్‌లన్నీ ఓడి చిట్టచివరి, అంటే 12వ స్థానంలో నిలిచిన జట్టులో అతనూ ఉన్నాడు. 2014 ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్‌పై షూటౌట్‌లో గోలును కాపాడినప్పుడు గానీ దేశం అతన్ని గుర్తుపెట్టుకోలేదు. మొదటి మ్యాచ్ నుంచి లెక్కేస్తే అప్పటికి ఎనిమిదేళ్లు.

ఈ లెక్క మన రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. సాంబ మసూరి నాటినవారు దాదాపు 150 రోజులు ఆగుతారు. 1010 రకం వేసినవారు 120 రోజులకే కోతకు సిద్ధమవుతారు. పక్క పొలంలో కోత మిషన్ దిగిందని తన సాంబ మసూరిని పచ్చిగా కోయించుకునే రైతు వరంగల్‌లోనైనా కరీంనగర్‌లోనైనా ఉండడు. అయితే ఆగినన్నాళ్లూ ఆ రైతు ఊరికే కూర్చోడు. ఎక్కువ రోజుల పంటకు నీళ్లు ఎక్కువ రోజులు కావాలి. కాకతీయ కాలువ చివరి ఆయకట్టులో వ్యవసాయం చేసేవారికి ఇది బాగా తెలుసు. గింజ పాలు పోసుకునే వేళ నీరు అందకపోతే నాలుగు నెలల కష్టం తాలుగా మిగులుతుంది. మన ఆటగాళ్లలో చాలామందికి జరుగుతున్నది సరిగ్గా ఇదే.

హకీంపేటలోనూ, కరీంనగర్, ఆదిలాబాద్‌లలోనూ ఉన్న స్పోర్ట్స్ స్కూళ్లు పిల్లలను నాలుగో తరగతిలో చేర్చుకుంటాయి. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, ఉన్నచోటి నుంచి దూకడం, 800 మీటర్ల పరుగు వంటి తొమ్మిది పరీక్షలు పెడతారు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి ఈ పద్ధతిని నేను తప్పుపట్టను. కానీ ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల్లో ఆరు నెలల వయసు తేడా ఎత్తులోనూ పరుగులోనూ స్పష్టంగా కనిపిస్తుంది. కెనడాలో ఐస్ హాకీ కుర్రాళ్ల పుట్టినరోజులను పరిశీలించి 1985లోనే పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. పై స్థాయి జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవారే ఎక్కువ. అక్కడ వయసును జనవరి 1 నుంచి లెక్కిస్తారు కాబట్టి, ఏడాది మొదట్లో పుట్టినవాడు తన జట్టులో కొన్ని నెలలు పెద్దవాడవుతాడు. ఆ కొన్ని నెలల ఎదుగుదలను శిక్షకులు ప్రతిభ అనుకుంటారు. డిసెంబరులో పుట్టినవాడు ఇంటికి వెళ్లిపోతాడు.

టొరంటోలో ఉండే మా మేనల్లుడు అక్కడి ఐస్ హాకీ గురించి ఫోనులో చెబుతుంటాడు. అక్కడి లీగ్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో, జట్లు కుర్రాళ్లను 18 ఏళ్లకే ఒకరి తర్వాత ఒకరిగా వరుసలో ఎంపిక చేసుకుంటాయి. స్వీడన్‌కు చెందిన సెడిన్ కవలలను 1999లో వాంకూవర్ జట్టు రెండు, మూడు స్థానాల్లో ఎంచుకుంది. మొదటి సీజన్లలో వాళ్లు మెత్తని ఆటగాళ్లని అభిమానులు ఎగతాళి చేశారు. 2010లో హెన్రిక్ సెడిన్ ఆ లీగ్‌లోనే అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచాడు. అంటే 11 ఏళ్లు. అన్నాళ్లూ వాళ్లకు జీతమూ, జట్టూ, వైద్యుడూ ఉన్నారు. మన దగ్గర ఓపిక గురించి మాట్లాడేటప్పుడు ఈ మూడింటిని ఎందుకో మరచిపోతాం.

మా నిజామాబాద్ నిఖత్ జరీన్‌కూ సరిగ్గా 11 ఏళ్లే పట్టింది. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్, 2022లో అదే దేశంలోని ఇస్తాంబుల్‌లో సీనియర్ ప్రపంచ ఛాంపియన్. నడుమ 2017లో భుజం గాయం, 2019 చివర్లో మేరీ కోమ్ చేతిలో ట్రయల్స్‌లో ఓటమి. ఆ ఓటమి తర్వాత ఆమె పని అయిపోయిందని నిజామాబాద్‌లోనే అన్నవాళ్లున్నారు, నేను విన్నాను. ఆమె వెంట కుటుంబం నిలబడింది. 2023లో ఢిల్లీలో రెండోసారి ప్రపంచ టైటిల్ గెలిచింది. బాక్సింగ్ హాకీ కాదు, నిజమే. రింగులో చోటు కోసం పదకొండు మందిని ఒప్పించనక్కరలేదు. అయినా నడిమి ఏళ్లు ఎంత పొడవుగా ఉంటాయో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

టీ కొట్టు దగ్గరి ఆ యువకుడి మాటలోనూ న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. ఓపిక అనే మాట చాటున పైరవీలు నడుస్తాయి. ఒకరి తాలూకు కుర్రాడికి పదో అవకాశం ఇస్తూ, బాగా ఆడుతున్న మరొకడిని గేటు దగ్గరే నిలబెట్టడం జిల్లా స్థాయి సెలక్షన్లలో నేను కళ్లారా చూశాను. అలాంటి చోట ఓపిక పట్టమనడం అన్యాయాన్ని భరించమనడమే అవుతుంది. ఆగాలంటే ఎందుకు ఆగుతున్నారో శిక్షకుడు బయటికి చెప్పగలగాలి. ఈ ఆరు నెలల్లో ఈ అబ్బాయి ఎడమ వైపు నుంచి బంతి తీసుకోవడం నేర్చుకోవాలి అని ముందే చెబితే, ఆరు నెలల తర్వాత మనమే చూసుకుంటాం. నేర్చుకుంటే ఉంటాడు. లేకపోతే పక్కకు జరగమన్నా ఎవరూ తప్పుపట్టరు. ఆగినవాళ్లందరూ పండరు కూడా. పదిమందిలో ఏడుగురు మామూలు ఆటగాళ్లుగానే మిగిలిపోవచ్చు. ఆ ఖర్చు భరించడానికి సిద్ధపడకుండా మిగిలిన ముగ్గురు కావాలనడం కుదరదు.

నాకు తెలిసిన ఒక అబ్బాయి ఉన్నాడు. ఊరూ పేరూ రాయను. పదహారేళ్లప్పుడు పొట్టిగా ఉన్నాడని ట్రయల్స్‌లో వెనక్కి పంపారు. స్టిక్ పట్టుకున్న తీరు చూసి పీఈటీ సార్ కళ్లనీళ్లు పెట్టుకున్నంత పనయింది. మట్టి మైదానంలో ఎగుడుదిగుడుగా వచ్చే బంతిని ఆపడం నేర్చుకున్న చేతులవి. టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి మీద బంతి వేగమే వేరు, దానికి అలవాటు పడటానికి కొన్ని నెలలైనా ఇచ్చి ఉండాల్సింది. ఎవరూ ఇవ్వలేదు. ఇంటర్ అయిపోయాక తండ్రికి ఆరోగ్యం బాగాలేక పనిలో చేరాడు. పద్దెనిమిది దాటాక ఒక్కసారిగా పెరిగాడు. ఇప్పుడు నాకంటే జానెడు ఎత్తున్నాడు.

ఈ వయసులోనే మన దగ్గర దారి తెగిపోతోంది. స్కూలు ఆటలు అయిపోతాయి, హాస్టల్ ఖాళీ చేయమంటారు. స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్‌ను చూస్తుంది, పతకం రాని నాలుగేళ్ల సాధనను చూడదు. దేశానికి ఆడినవారిలో ఆలస్యంగా ఎదిగిన చాలామందిని నిలబెట్టింది రైల్వేలు, పెట్రోలియం కంపెనీలు, సైన్యం, పోలీసు జట్లు ఇచ్చిన ఉద్యోగాలే. ఒడిశాలోని సుందర్‌గఢ్‌కు చెందిన అమిత్ రోహిదాస్ 2013లో భారత జట్టులోకి వచ్చి, చోటు పోగొట్టుకుని, 2017లో తిరిగొచ్చి, రెండు ఒలింపిక్ పతకాలు గెలిచాడు. ఆ నడుమ ఆడుకోవడానికి అతనికి ఒక జట్టు ఉంది. హాకీ ఇండియా లీగ్ ప్రతి జట్టులో కనీసం నలుగురు జూనియర్లు ఉండాలని నియమం పెట్టింది. చాలా మంచి పని. కానీ అక్కడిదాకా వెళ్లే మెట్లు వరంగల్‌లో ఎక్కడున్నాయి?

పెద్ద స్టేడియం కావాలని నేను అడగడం లేదు. హనుమకొండలో, కాజీపేటలో, కాకతీయ యూనివర్సిటీలో, ఎన్‌ఐటీలో మైదానాలు ఉన్నాయి. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి 18 నుంచి 23 ఏళ్ల వారికి ఏడాదిలో నాలుగు నెలలు నడిచే ఒక లీగ్, వారానికి ఒక మ్యాచ్, ఆడిన రోజున భోజనం, బస్సు ఛార్జీ, నెలకు ఒకసారి హైదరాబాద్‌లో టర్ఫ్ మీద సాధన. పని చేసుకునే కుర్రాళ్లు కూడా రాగలిగేలా మ్యాచ్‌లు ఆదివారాల్లో పెట్టాలి. ఆ రిటైరైన రైల్వే పెద్దాయనలాంటి వారు ఈ ఊళ్లలో ఇంకా ఉన్నారు, పిలిస్తే స్టిక్ పట్టుకుని వస్తారు.

మొన్న ఆ అబ్బాయి దారిలో కలిశాడు. ఇలాంటి లీగ్ ఒకటి పెడితే ఆడతావా అని అడిగాను. తనకిప్పుడు 21 ఏళ్లని, సెలవు ఆదివారమే దొరుకుతుందని చెప్పి, “పొద్దున్నా, సాయంత్రమా సార్?” అని అడిగాడు.