అబద్ధానికి యాంకర్ కుర్చీ

చట్టసభకు అబద్ధం చెప్పానని ప్రమాణం చేసి మరీ ఒప్పుకొన్న ఒక సైనికాధికారి, ఆ తర్వాత ఏళ్ల తరబడి టీవీలో కూర్చుని యుద్ధాల గురించి దేశానికి పాఠాలు చెప్పారు. ఆయన అమెరికా మెరైన్ కోర్ మాజీ లెఫ్టినెంట్ కల్నల్ ఆలివర్ నార్త్. ఇరాన్‌కు గుట్టుగా ఆయుధాలమ్మి, ఆ డబ్బులో కొంత నికరాగువా తిరుగుబాటుదారులకు మళ్లించిన ఇరాన్-కాంట్రా కుంభకోణంలో ఆయనది కీలకపాత్ర. అది 1986 నవంబర్‌లో బయటపడింది. పాత సంగతే. కానీ యూనిఫామ్ మీద జనానికున్న గౌరవాన్ని అడ్డం పెట్టుకుని ప్రశ్నలు దాటేయడం, అలా దాటేసిన మనిషిని మీడియా నిపుణుడిగా నిలబెట్టడం ఎలా జరుగుతాయో తెలుసుకోవాలంటే ఇప్పటికీ ఈ వ్యవహారమే చూడాలి.

నార్త్ ధైర్యాన్ని మేం శంకించడం లేదు. 1968లో అన్నాపొలిస్ నౌకాదళ అకాడమీ నుంచి బయటికొచ్చి వియత్నాంలో ప్లటూన్‌ను నడిపించారు. సిల్వర్ స్టార్ పతకం పొందారు, గాయపడ్డ సైనికులకిచ్చే పర్పుల్ హార్ట్ రెండుసార్లు అందుకున్నారు. 1981లో శ్వేతసౌధంలోని జాతీయ భద్రతా మండలి సిబ్బందిలో చేరాకే దారి మారింది.

మధ్య అమెరికా దేశమైన నికరాగువాలో వామపక్ష శాండినిస్టా ప్రభుత్వంపై పోరాడుతున్న కాంట్రా తిరుగుబాటుదారులకు సాయం చేసి తీరాలని అధ్యక్షుడు రీగన్ పట్టుదల. అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, అందుకు ఒప్పుకోలేదు. 1984లో బోలండ్ సవరణ అనే చట్ట నిబంధనతో ఆ దారి మూసేసింది. అదే సమయంలో లెబనాన్‌లో ఇరాన్ అండ ఉన్న హెజ్‌బొల్లా వర్గాల చేతిలో కొందరు అమెరికన్లు బందీలుగా ఉన్నారు. వాళ్లను విడిపించుకోవడానికి ఇరాన్‌కు గుట్టుగా క్షిపణులు అమ్మారు. ఇరాన్‌కు ఆయుధాలు అమ్మవద్దని ఇతర దేశాలకు అమెరికాయే చెబుతున్న రోజులవి. ఎక్కువ ధరకు అమ్మగా వచ్చిన లాభంలో కొంత కాంట్రాలకు మళ్లించారు. ఈ రెండు పనులనూ కలిపి నడిపింది నార్త్. కాంగ్రెస్ కమిటీల లెక్క ప్రకారం ఆయుధాల మీద మిగిలింది దాదాపు 1.61 కోట్ల డాలర్లు. అందులో కాంట్రాలకు చేరింది 38 లక్షల డాలర్లే.

బందీల సంగతి మరీ బాధాకరం. ముగ్గురు విడుదలయ్యారు. 1986 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మరో ముగ్గురిని ఎత్తుకెళ్లారు. 1983లో బీరూట్‌లోని మెరైన్ బ్యారక్‌లపై ట్రక్కు బాంబు దాడిలో 241 మంది అమెరికా సైనికులు చనిపోయారు, వాళ్లలో 220 మంది మెరైన్లు. అంటే నార్త్ సొంత దళం వాళ్లు. ఆ దాడి వెనుక ఇరాన్ అండ ఉన్నవాళ్లున్నారని అమెరికా ప్రభుత్వమే నమ్మింది. అయినా రెండు మూడేళ్లు తిరక్కముందే ఆ ఇరాన్‌కే క్షిపణులు వెళ్లాయి.

కాంట్రాలకు ఆయుధాలు, శిక్షణ ఇవ్వడం, నికరాగువా రేవుల్లో మందుపాతరలు పెట్టడం అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 1986 జూన్ 27న తేల్చిచెప్పింది. అప్పుడు ఆ కోర్టుకు అధ్యక్షుడు మన దేశానికి చెందిన నాగేంద్ర సింగ్. ఆ తీర్పు వచ్చిన కొన్ని వారాలకే, ఆగస్టులో, ప్రతినిధుల సభ ఇంటెలిజెన్స్ కమిటీ సభ్యులు అడిగినప్పుడు నార్త్ నిజం చెప్పలేదు. అక్టోబర్ 5న కాంట్రాలకు సరుకు మోస్తున్న విమానం నికరాగువాలో కూలింది. నవంబర్‌లో ఒక లెబనాన్ పత్రిక ఆయుధాల అమ్మకాన్ని బయటపెట్టింది. దాచలేని పరిస్థితి వచ్చేసరికి నార్త్ ఆఫీసులో కాగితాలు ముక్కలయ్యాయి. నవంబర్ 25న ఆయన ఉద్యోగం పోయింది.

1987 జూలైలో కాంగ్రెస్ విచారణ టీవీల్లో ప్రత్యక్ష ప్రసారమైంది. శ్వేతసౌధంలో సూటు వేసుకుని పనిచేసిన మనిషి ఆ రోజు పతకాలు పెట్టుకుని మెరైన్ యూనిఫామ్‌లో వచ్చారు. కాంగ్రెస్‌ను తప్పుదారి పట్టించానని, కాగితాలు నాశనం చేశానని అక్కడే చెప్పారు. అయినా జనం చూసింది పతకాలనే. ఆయన పేరు మీద టీషర్టులు అమ్ముడయ్యాయి, మద్దతుగా టెలిగ్రాములు కుప్పలుగా వచ్చాయి.

ఆ గదిలో మాకు బాగా గుర్తుండిపోయిన వ్యక్తి సెనేట్ కమిటీ చైర్మన్ డేనియల్ ఇనౌయే. జపాన్ నుంచి వలస వెళ్లిన కుటుంబం ఆయనది. 1945లో ఇటలీలో అమెరికా కోసం పోరాడి కుడిచేయి పోగొట్టుకున్నారు. సైనికుడు పాటించాల్సింది చట్టబద్ధమైన ఆదేశాలనే అని ఆయన నార్త్‌కు గుర్తుచేశారు. ఆయన కోసం ఎవరూ టీషర్టులు వేయించలేదు. దేశభక్తి అంటే ఏమిటో ఆ గదిలో సరిగ్గా చెప్పింది మాత్రం ఆయనేనని మా అభిప్రాయం.

1989లో జ్యూరీ మూడు నేరాల్లో నార్త్‌ను దోషిగా తేల్చింది: కాంగ్రెస్ విచారణను అడ్డుకోవడానికి తోడ్పడటం, పత్రాలు నాశనం చేయడం, ఇంటికి భద్రతా ఏర్పాట్ల రూపంలో అక్రమంగా లబ్ధి పొందడం. జైలు శిక్షను జడ్జి అమలు చేయకుండా నిలిపి జరిమానా, సమాజ సేవ విధించారు. అప్పీలు కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది. 1991లో కేసే కొట్టేశారు. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. కేసు పోయింది ఆయన నిర్దోషి అని తేలినందుకు కాదు. 1987 విచారణలో చెప్పే సాక్ష్యాన్ని ఆయనపై వాడబోమన్న హామీతోనే కాంగ్రెస్ ఆయన చేత మాట్లాడించింది. దేశమంతా చూసిన ఆ మాటల ప్రభావం కోర్టు సాక్షుల మీద పడలేదని ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయింది.

1994లో వర్జీనియా నుంచి సెనేట్‌కు పోటీ చేస్తే సొంత పార్టీ సెనేటర్ జాన్ వార్నరే మద్దతివ్వలేదు. నార్త్ ఓడిపోయారు. ఓటర్లు ఇవ్వని స్థానాన్ని మీడియా ఇచ్చింది. మొదట రేడియో షో, తర్వాత ఎంఎస్‌ఎన్‌బీసీ వార్తా చానెల్, 2001 నుంచి ఫాక్స్ న్యూస్‌లో యుద్ధ చరిత్రల కార్యక్రమం. 2003లో ఇరాక్ యుద్ధాన్ని మెరైన్లతో కలిసి తిరుగుతూ చూపించింది కూడా ఆయనే. ఒక యుద్ధం గురించి కాంగ్రెస్‌కు అబద్ధం చెప్పిన మనిషి, ఇంకో యుద్ధం గురించి ప్రజలకు వార్తలు చెప్పారు. ఆ ఇరాక్ యుద్ధానికి చూపిన కారణం, సామూహిక విధ్వంసక ఆయుధాలు, చివరికి దొరకలేదు.

ఆయనకు బతుకుతెరువు వద్దని మేం అనం. పుస్తకాలు రాసుకోవచ్చు, తన వాదన వినిపించుకోవచ్చు. స్టూడియోలో ఎదురుగా ఒక విలేకరి కూర్చుని అడుగుతుంటే జవాబులూ చెప్పవచ్చు. మా అభ్యంతరం ప్రశ్నలడిగే కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టడం మీదే. ఆ నిర్ణయం తీసుకున్నది చానెళ్లు, జవాబు చెప్పాల్సిందీ అవే.

మనకూ ఈ విషయం దూరమేమీ కాదు. సరిహద్దులో టెన్షన్ పెరిగిన ప్రతిసారీ మన చానెళ్లలో రిటైర్డ్ అధికారులు వరసగా కనిపిస్తారు. వాళ్లలో చాలామంది ఆచితూచి మాట్లాడతారు, వాళ్ల అనుభవం ప్రేక్షకులకు అవసరం కూడా. వాళ్లను నార్త్‌తో పోల్చడం అన్యాయం. కానీ 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో కరాచీ రేవు ధ్వంసమైందని కొన్ని చానెళ్లు చెప్పింది అబద్ధమని తేలింది. ఆ వేడిలో ఎవరు ఏ హోదాలో మాట్లాడుతున్నారో సామాన్య ప్రేక్షకుడికి తెలిసే వీల్లేకపోయింది.

అందుకే తెలుగు చానెళ్లతో సహా అందరినీ మేం కోరేది ఇదీ. రక్షణ నిపుణుడని ఎవరినైనా పిలిచినప్పుడు పేరు కింద పాత ర్యాంకు ఒక్కటే వేసి ఊరుకోవద్దు. ఆయన ఇప్పుడు ఏ పార్టీలో ఉన్నారో, ఏ ఆయుధ కంపెనీకి సలహాదారో, ఆయన మీద ఏ విచారణలో ఏం తేలిందో కూడా తెరపై వేయాలి. రాత్రి చెప్పింది తప్పని తెల్లారి తేలితే, సవరణను కూడా అదే సమయానికి, అదే మనిషి చేత చెప్పించాలి.