తూర్పు ముఖం చింతకొమ్మ

పోయిన ఆదివారం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో మాకు వరదల్ని తట్టుకోవడం నేర్పించారు. ఇన్నేళ్లూ ఏ ట్రైనింగూ లేకుండానే తట్టుకుంటూ వచ్చామన్న సిగ్గు నాకింకా పోలేదు.

నేర్పడానికి వచ్చినాయన బూట్లు తళతళలాడుతున్నాయి. అంటే మా వీధి మోరీ దాటి రాలేదు, కారు హాలు మెట్ల దాకా వచ్చిందన్నమాట. 'రెసిలియెన్స్' (తట్టుకునే శక్తి అట) అన్న మాట ఎన్నిసార్లంటాడో లెక్కపెడదామనుకున్నాను. ముప్పై దగ్గర సమోసాలొచ్చాయి, లెక్క తప్పింది.

తర్వాత తెర మీదికి ఒక చింతచెట్టు వచ్చింది. హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. "చూశారా, ఇదీ కమ్యూనిటీ స్పిరిట్!" అన్నాడాయన. అందరం చప్పట్లు కొట్టాం. చెట్టుకే అనుకుంటా.

అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. అపార్ట్‌మెంటుకో చింతచెట్టు తప్పనిసరి చేస్తే పోలా? అసోసియేషన్ మీటింగ్ పెట్టి కొమ్మలు కేటాయించేస్తాం. ఓనర్లకు పై కొమ్మలు, కిరాయిదార్లకు కింది కొమ్మలు. బ్యాచిలర్లకు అసలు ఇవ్వం. తూర్పు ముఖం కొమ్మకు అడుగుకి ఐదొందలు ఎక్స్‌ట్రా. నైరుతి బరువుండాలంటారు గనక మూడో అంతస్తు ఇంజినీరు గారిని, వారి శ్రీమతితో సహా, అక్కడే కూర్చోబెడతాం. మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్లు దిగి, కట్టేసి, రసీదు చూపించి మళ్లీ ఎక్కాలి. నిచ్చెన వాచ్‌మన్ పట్టుకుంటాడు. మరి అతని కొమ్మ? "వచ్చే మీటింగ్‌లో చూద్దాం" అంటారు సెక్రటరీ గారు, ఆయన ఏ సంగతికైనా అదే అంటారు.

అయితే ఆ చెట్టు తర్వాత జరిగింది మాత్రం తెర మీదికి రాలేదు. ఆ వరదలో వేలమంది పోయాక అప్పటి సర్కారు జనానికి చెట్లెక్కడం నేర్పలేదు. ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920కల్లా ఉస్మాన్ సాగర్, 1927కల్లా హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టించింది. పాపం రాజుల కాలం, వాళ్లకు స్పిరిట్ సంగతి తెలియదు.

మనకు తెలుసు. అందుకే చెరువు నీళ్లు నిలిచే శిఖం భూముల్లో వెంచర్లేశాం, తూములు పూడ్చాం, అలుగు పారే దారిలో ప్రహరీ కట్టి 'లేక్ వ్యూ' అని బోర్డు పెట్టుకున్నాం. 2020 అక్టోబర్‌లో గుర్రం చెరువు కట్ట తెగి కింది బస్తీలు మునిగితే, ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించాం.

దానికి నెల ముందే నేరేడ్‌మెట్‌లో సైకిల్ తొక్కుకుంటూ వెళ్లిన 12 ఏళ్ల పాప మూతలేని నాలాలో పడి చనిపోయింది. 2023 ఏప్రిల్‌లో కళాసిగూడలో ఇంకో పాప, పాలు తేవడానికని వానలో బయటికెళ్లి, తిరిగి రాలేదు. ఏం తక్కువైందయ్యా ఆ పిల్లలకి, రెసిలియెన్సా? నాలా మీద ఒక సిమెంటు పలక తక్కువైంది! ఆ పలక వేయించడం చేతకానివాళ్లు కన్నతల్లులకు తట్టుకునే శక్తి మీద క్లాసు పెట్టిస్తారా? సమోసాలతోనా?

సరే. చివర్లో తలా ఒక కిట్ చేతికిచ్చారు. టార్చి, ప్లాస్టిక్ కవరు, ఎర్ర ఈల. మా మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకునే ముసలమ్మ ఇల్లు సరిగ్గా నాలా పక్కనే. మబ్బు పట్టిందంటే చాలు, ఆమె బియ్యం డబ్బా అటకెక్కుతుంది, ఫ్రిజ్జు నాలుగిటుకల మీదికి చేరుతుంది, రేషన్ కార్డు జాకెట్లోకి పోతుంది. ఎవరూ నేర్పలేదు. ఆమె ఈలను అటూ ఇటూ తిప్పి చూసింది.

"సారూ, ఇది ఊదితే ఎవలొస్తరు?"

"మీ పక్కింటివాళ్లమ్మా."

"ఆళ్ల చేతుల గూడ గీ ఈలలే ఉన్నయ్ గద."