పిల్లలు బంతి పట్టాలంటే మన వీధి బౌలర్‌ను పిలవండి

మా బల్లార్షాలో బొగ్గు గనుల కాలనీ మైదానానికి ఏ ఆదివారం వెళ్ళినా ఒకటే తంతు కనిపిస్తుంది. బ్యాటు తెచ్చినవాడు మొదట ఆడతాడు, ఆ తరువాత వాడి తమ్ముడు ఆడతాడు, బంతి వేసే పని మాత్రం ఆలస్యంగా వచ్చిన పిల్లవాడి మెడకు చుట్టుకుంటుంది. తెలుగు, మరాఠీ, హిందీ మూడూ కలిపి పోట్లాడుకునే ఆ పిల్లలు, బౌలింగ్ అంటే తమ వంతు బ్యాటింగ్ వచ్చేదాకా భరించవలసిన శిక్ష అన్న విషయంలో మాత్రం ఏకగ్రీవంగా ఉంటారు. వాళ్ళను తప్పు పట్టలేను. 2024 ఏప్రిల్‌లో ఐపీఎల్‌లో బెంగళూరు మీద సన్‌రైజర్స్ 20 ఓవర్లలో 287 పరుగులు చేసిన రాత్రి మా కాలనీ అంతా ఈలలు వేసింది. ఆ దెబ్బలు తిన్న బౌలర్ల పేర్లు మరునాడు అడిగితే నాతో సహా ఒక్కరూ చెప్పలేకపోయారు.

మన టెన్నిస్ బంతి టోర్నమెంట్లు కూడా ఇదే పాఠం నేర్పుతున్నాయి. సిక్సర్ కొడితే అక్కడికక్కడే నగదు, మూడు వికెట్లు తీసినవాడికి చివర్లో స్టీలు గ్లాసుల సెట్టు. రెండేళ్ళు నేనూ నిర్వాహకుల్లో ఒకడిని కాబట్టి ఈ నేరంలో నాకూ వాటా ఉంది.

గత జనవరిలో జరిగిన ఒక చిన్న సంగతి వల్లనే ఇది రాస్తున్నాను. మా వెనుక వరుస క్వార్టర్లలో ఉండే ఒక ఎడమచేతి బౌలర్, నలభైకి దగ్గరపడిన గని కార్మికుడు, రాత్రి షిఫ్టు ముగించుకొని మైదానం మీదుగా ఇంటికి పోతుంటే పిల్లలు ఆటపట్టించడానికి ఒక ఓవర్ వెయ్యమన్నారు. ఆయన టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, మంచి లెంగ్త్, అంటే బ్యాటర్ ముందుకు రావాలో వెనక్కి పోవాలో తేల్చుకోలేని దూరం, పడే చోట ఒక హవాయి చెప్పు పెట్టించి, నాలుగడుగుల పరుగుతో ఆరు బంతులు వేస్తే నాలుగు ఆ చెప్పుకే తగిలాయి. అయిదో బంతికల్లా బ్యాటు పట్టుకున్నవాడు కూడా దాన్ని పడేసి ఇటు వచ్చాడు. ఆ తరువాత గంటసేపు ఎవరూ బ్యాటింగ్ అడగలేదు. "అన్నా, వేళ్ళు ఎక్కడ పెట్టినవ్", "అన్నా, నాతోని ఒక్కసారి వేయించు" అంటూ ఆ చెప్పును కొట్టడానికి వరుస కట్టారు. మరుసటి ఆదివారం పదకొండు మందిలో ముగ్గురే బౌలింగ్ కోసం వచ్చారన్నది నిజమే కాని, అంతకుముందు అలా వచ్చినవాడు ఒక్కడూ లేడు.

నాగపూర్ దగ్గర ఒక బొగ్గు గని కార్మికుడి కొడుకుగా పెరిగిన ఉమేశ్ యాదవ్, ఇరవయ్యో ఏడు దగ్గరపడే దాకా టెన్నిస్ బంతితోనే ఆడి, 2011లో టెస్టు జట్టులోకి వచ్చి, 2015 ప్రపంచ కప్‌లో 18 వికెట్లు తీశాడు. మా పిల్లలకు అతని పేరూ తెలుసు, వేగమూ తెలుసు. అయినా అతను వాళ్ళకు తెర మీద మనిషి. తన తండ్రితో కలిసి గనిలోకి దిగే మనిషి బంతిని వంచడం చూసినప్పుడే పిల్లవాడికి తన చెయ్యి గుర్తుకొస్తుంది.

నాగపూర్‌లోనే పుట్టిన మన తెలుగువాడు సి.కె.నాయుడు సిక్సర్ల కథలు ఇళ్ళలో ఇంకా నడుస్తున్నాయి గాని, ఆయన తమ్ముడు సి.ఎస్.నాయుడు 1944-45 రంజీ ఫైనల్లో హోల్కర్ జట్టు తరఫున బొంబాయి మీద ఒక్క మ్యాచ్‌లోనే 917 బంతులు వేసి 11 వికెట్లు తీసిన సంగతి ఎవరూ ఎత్తరు. అదీ ప్రతి బంతికీ మణికట్టు తిప్పి వేసే లెగ్‌స్పిన్! తలచుకుంటేనే నా మణికట్టు నొప్పి పెడుతుంది.

యూట్యూబ్ ఉండగా వీధి బౌలర్ ఎందుకని ఒక మిత్రుడు అడిగాడు. లెదర్ బంతి కుట్టుకు అటూ ఇటూ రెండు వేళ్ళు ఆనాలని, విడిచేటప్పుడు మణికట్టు బంతి వెనకాలే నిలవాలని వీడియో చెబుతుంది. పిల్లవాడి మణికట్టు పక్కకు వాలుతోందని పట్టుకొని సరిచేసేది మాత్రం పక్కన నిలబడ్డ మనిషే. పైగా టెన్నిస్ బంతి 60 గ్రాములు కూడా తూగదు, పెద్దల లెదర్ బంతి 155 గ్రాములు దాటుతుంది. ఆ బరువుకు భుజాన్ని ఎలా అలవాటు చెయ్యాలో రెండూ వేసినవాడికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు.

అయితే వికెట్లు తీసే ప్రతివాడినీ పిలవకూడదు. మన టోర్నమెంట్లలో వేగం కోసం మోచేయి వంచి విసిరేవాళ్ళు ఉన్నారు, పిల్లలు వాళ్ళనే ముందుగా అనుకరిస్తారు. ఎదిగే వయసులో అదేపనిగా వేగంగా బంతులు వేస్తే నడుము ఎముకలో పగుళ్ళు వచ్చే ప్రమాదం ఉంది కనుక, ఇక చాలు అని ఆపగలిగే ఓపికమంతుడు కావాలి.

ఉచితంగా వచ్చి నేర్పమని అడగడం కూడా మానుకుందాం. రాత్రంతా గనిలో పనిచేసినవాడు నిద్ర వదులుకొని వస్తున్నాడు. ముఖ్య అతిథి శాలువకూ పూలదండకూ పెట్టే ఖర్చు ఆయన చేతిలో పెట్టి, సిక్సర్ల నగదులో సగం, ఒక్క పరుగూ ఇవ్వని మెయిడెన్ ఓవర్లకు మళ్ళించాలని వచ్చే టోర్నమెంట్ సమావేశంలో నేను అడగబోతున్నాను. మా ఎడమచేతి అన్న మాత్రం తనకు డబ్బు సంగతి తరువాత, ముందు ఆరు లెదర్ బంతులు కొనిపెట్టమన్నాడు. రెండు కొన్నాను, మిగిలిన నాలుగు కాలనీవాళ్ళు చూసుకోవాలి.